గోడ కంతలో పొట్ల విత్తనాలు

ధర్మవరంలో మా తమ్ముడి మనవడికి పేరు పెట్టే వేడుక జరిగితే మా వారూ నేనూ వెళ్ళి, రాత్రికి అక్కడే ఉండిపోయి, మర్నాడు మధ్యాహ్నం బస్సుకు హిందూపురం తిరిగివచ్చి ఇంటి తాళం తీస్తున్నామో లేదో, పక్కింటి అమ్మాయి నడుమెత్తు ప్రహరీ గోడ మీదుగా మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి నా చేతికి అందించింది. అవ్వ అని పిలిపించుకోవలసిన వయసు వచ్చి చాలాకాలమే అయినా ఆ పిల్ల నన్ను ఆంటీ అనే పిలుస్తుంది, వద్దనడానికి నాకూ నోరు రాదు. ఆమె పుట్టిల్లు పరిగి దగ్గర, భర్తకు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, ఇప్పుడు ఏడో నెల. మూత తీసి చూస్తే బస్సారు. ఆకుకూరా పప్పూ కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వార్చి, వాటిలో కొబ్బరీ ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ వేయించి నూరిన ముద్ద కలిపి మరగబెట్టే ఆ చారు గురించి మా వైపు వాళ్ళకు చెప్పడమంటే నవ్వుతారు, పై ఊళ్ళవాళ్ళు ఎవరైనా చదువుతుంటే పాపం వాళ్ళ కోసం చెబుతున్నాను.

ఉగాది ఇంకా రానేలేదు, అప్పుడే ఎండ ఇట్లా కాస్తూంటే ముందు ముందు ఏమవుతుందోనని నేనంటే, పొద్దున పడిన వానకు కాస్త చల్లబడిందని ఆ పిల్ల అంది. ఆ వెంటనే, తప్పు చేసినదానిలా తల దించుకుని ఇంకో మాట కూడా అంది.

"పొద్దున మీరు పిలిస్తే పలకలేదు ఆంటీ, ఏమీ అనుకోవద్దు. వంటింట్లో ఉన్న్యా. నీళ్ళు తాగినావా అంటిరి గదా గోడ అవతల నుంచి. గాలి తిరిగిండాది, బట్టలు తీసుకో అంటిరి. బయటికొచ్చి తీసుకున్న్యా, అంతలోనే వాన పడె."

పొద్దున ఆ వేళకు నేను ధర్మవరంలో, మా తమ్ముడి ఇంటి మగ్గం గదిలో పక్కబట్టలు మడుస్తున్నాను. ముందురోజు మేం బయలుదేరేటప్పుడు ఆ పిల్ల ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్ళింది కాబట్టి మేం ఊళ్ళో లేమని ఆమెకు తెలియదు, నా చేతిలో సంచి చూసి బజారుకు వెళ్ళివచ్చాననుకున్నట్టుంది. నేను ఉలిక్కిపడింది, నేను లేని ఇంట్లోంచి మాట వినబడినందుకు మాత్రమే కాదు. ఆ పిల్లను రోజూ అన్నం తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని అడుగుతానుగానీ, నీళ్ళు తాగినావా అని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ మాట నాది కాదు. ఆమెకు ఏం జవాబు చెప్పానో చివరలో చెబుతాను, ముందు ఆ మాట ఎవరిదో చెప్పాలి.

నన్ను ఇచ్చింది పెనుకొండకు. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు, ఇంటింటా మగ్గాలు ఆడే వీధిలో పుట్టిపెరిగాను. మగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు కళ్ళకంటే చెవులు ముందు పనిచేస్తాయి. వంటింట్లో కూర్చునే ఏ మగ్గం ఎవరిదో, ఎక్కడ పోగు తెగిందో, మా నాయన ఏ పొద్దు కోపంగా ఉన్నాడో చెప్పగలిగేదాన్ని. చదువు పెద్దగా అబ్బలేదుగానీ వినికిడి మాత్రం నాకు ఈనాటికీ తగ్గలేదు, మా వారు పక్కగదిలో చక్కెర డబ్బా మూత ఎంత మెల్లగా తీసినా నాకు వినబడుతుందని ఆయనకు నా మీద ఇప్పటికీ కోపమే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నాకు వినబడినవి వినబడలేదని ఎవరన్నా నేను ఒప్పుకోను కాబట్టి.

పెనుకొండలో మా అత్తవారింటి పెరడుకూ పక్కింటి పెరడుకూ మధ్య పెద్ద రాతి గోడ ఉండేది. కొండ కింద ఊరు, రాతికి కరువులేదు, ఎవరో పాతకాలపు మనిషి చేయెత్తినా అందనంత ఎత్తుగా, ఒక మూర మందంగా కట్టించి పెట్టాడు. అందులో నడుమెత్తున ఒక రాయి ఎప్పుడో జారిపోయి కంత పడింది. గిన్నె పట్టేంత కంత. వంగి చూస్తే అవతలి పెరట్లో మునగచెట్టు మొదలు ఒకటే కనిపించేది. ఆ గోడకవతల ఉండే ముసలమ్మను వీధి వీధంతా అవ్వా అనే పిలిచేది, నేనూ అట్లాగే పిలిచాను. మడకశిర వైపు మనిషి, తెలుగులో సగం కన్నడం, ఆకుకూరను సొప్పు అనేది, ఎండను బిసిలు అనేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, గాజులు లేని బోసి చేతులు, కుడి మణికట్టు మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు. తమ్ముడి కూతుర్నే కోడలిగా చేసుకుంది. ఆ కోడలు నాకంటే కాస్త పెద్దది, మాటతీరూ గొంతూ అచ్చం అత్తదే, నడక మాత్రం వేరు.

పొద్దున్నే నేను పెరట్లో అంట్లు ముందు వేసుకుంటే అవతల అవ్వ చెట్లకు నీళ్ళు పోస్తూ మాట మొదలుపెట్టేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "ఏమ్మా, నీళ్ళు తాగినావా?" అని. ఆ తర్వాత గాలి సంగతి. కొండ మీంచి గాలి తిరిగితే ఆమెకు వాసన తెలిసేదట, ఈ పొద్దు వాన వస్తాదంటే వచ్చేది, రాకపోతే గాలిదే తప్పన్నట్టు మాట్లాడేది. ఆ తర్వాత పాదుల సంగతి, చివరగా గిన్నె. వారంలో రెండు మూడు సార్లైనా ఆ కంతలోంచి పచ్చబొట్టు చేయి బస్సారు గిన్నెను ఇవతలికి నెట్టేది. రాగిసంగటిలో ఆ చారు పోసుకుని తిన్న నోటికి ఇప్పటి హోటళ్ళలో చిన్న కప్పుల్లో ఇచ్చే సూపులు సబ్బునీళ్ళలా ఉంటాయి, నన్ను తిట్టుకున్నా సరే.

గిన్నె వచ్చిందంటే దాన్ని వట్టిగా తిరిగి పంపకూడదు. ఇది మా అందరికీ తెలిసిన పద్ధతే. గుప్పెడు శనగలో, బెల్లం ముక్కో, నాలుగు కనకాంబరాలో, ఇంట్లో ఏమీ లేకపోతే ఒక కరివేపాకు రెబ్బో వేసి కంతలో పెట్టేదాన్ని. ఇవ్వడం, పుచ్చుకోవడం ఒక చోట ఆగిపోతే ఇరుగుపొరుగు తెగిపోయినట్టేనని అవ్వ అనేది.

మాకు అంతకుముందే ఒక బిడ్డ కడుపులోకి వచ్చి పోయింది. పుట్టింట్లో ఉండగా మా నాయన తల్లి పోయింది, ఆ వార్త ఎవరో నా ముందే గట్టిగా ఏడుస్తూ చెప్పారు, ఆ వారంలోనే నాకు ఆరో నెలలో అంతా అయిపోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. మా అత్త మాత్రం వినలేదు. రెండోసారి నిలిచినప్పుడు నన్ను పుట్టింటికి పంపనంది, గుమ్మం దాటనివ్వనంది, చెడువార్త ఏదీ నా చెవిన పడకూడదని వీధిలో అందరికీ చెప్పి పెట్టింది. కడుపుతో ఉన్నదానికి చావు కబురు చెప్పకూడదనే పట్టింపు అందరిలోనూ ఉందిగానీ మా అత్త దాన్ని కంచె వేసినట్టు వేసింది. మంచం మీద నుంచి లేచి పెరడుదాకా వెళ్ళడానికి మాత్రం సెలవు దొరికింది, అదీ పొద్దున ఒకసారి. నాకున్న లోకమంతా ఆ రాతిగోడా, ఆ కంతా, దాని అవతలి గొంతూ. ఈ బిడ్డ కూడా నిలవకపోతే నేను ఏమైపోతానో అని ఆ రోజుల్లో అనుకోని క్షణం లేదు.

మాఘం వచ్చేసరికి అవ్వ తన పొట్లపాదు విత్తనాలు నాకిస్తానని మాటిచ్చింది. ఆ పొట్లకాయలు మూరన్నర పొడవు సాగేవి, వంకర పోకుండా కొసకు చిన్న రాయి కట్టి వేలాడదీసేది, సాయంత్రమైతే తెల్లని పూలు విచ్చుకుని పందిరంతా వెలిగిపోయేది. ఆ విత్తనాలను బూడిదలో కలిపి గుడ్డలో మూటకట్టి ఎక్కడ దాచేదో కోడలికి కూడా చెప్పేది కాదు. బంగారం దాచుకునేవాళ్ళను చూశానుగానీ విత్తనాలను అట్లా దాచుకునే మనిషిని ఆమెనే చూశాను. "ఉగాది ముందర ఒక వాన పడతాది సూడు, ఆ వానకు నీ చేతిలో పెడతా. బిడ్డా పాదూ ఒక తూరే పెరగల్ల" అంది. అని, కూతుర్ని చూసి నాలుగు రోజులుండి వస్తానని మడకశిర వెళ్ళింది.

నాలుగు రోజులు కాస్తా ఎక్కువే అయ్యాయి. ఆ రోజుల్లో మా అత్త కళ్ళు ఎర్రగా ఉండటం, పక్కింటి నుంచి ఏ అలికిడీ రాకపోవడం నాకు గుర్తే, పొయ్యి పొగ అనుకున్నాను. ఆ తర్వాత ఒక పొద్దున గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది, అవ్వ దగ్గే. ఎప్పుడొచ్చావవ్వా అంటే, రాత్రి బండికి వచ్చినానమ్మా అంది. నా ప్రాణం లేచి వచ్చింది. మడకశిరలో ఎండలెట్లా ఉన్నాయి, కూతురెట్లా ఉంది అని గుక్కతిప్పుకోకుండా అడిగాను. అన్నిటికీ సమాధానం చెప్పింది. ఇంట్లోకి వచ్చాక గుర్తొచ్చింది, నీళ్ళు తాగినావా అని మాత్రం అడగలేదు.

మర్నాడూ అడగలేదు. కంతలో గిన్నె ఉంది, చేయి లేదు. నేను పెరట్లోకి వచ్చేసరికే గిన్నె పెట్టి ఉండేది, గొంతు ఎక్కడో మునగచెట్టు వెనక నుంచి వచ్చేది. బస్సారు నోట్లో పెట్టుకుంటే పులుపు ఒక పిసరు ఎక్కువ. గాలి సంగతి తను చెప్పడం మానేసి, ఏమ్మా ఎట్లుండాది గాలి అని నన్నే అడిగేది. విత్తనాల మాటెత్తితే, ఇస్తాలేమ్మా, యాడికి పోతాయి అని ఊరుకునేది. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద విషయం కాదు, వయసు మీద పడ్డ మనిషి ప్రయాణం చేసి అలిసిపోయిందనుకోవచ్చు, అట్లాగే అనుకున్నాను.

కానీ ఒక పొద్దున ఆ గొంతుతో పాటు గాజుల చప్పుడు వినిపించింది.

మట్టిగాజులు. బిందె ఎత్తినప్పుడు ఒకదానికొకటి తగిలే చప్పుడు, పొరపడే చెవులు కావు నావి. అవ్వ చేతికి గాజులు లేవు, ఉండవు. నేను మాట మధ్యలో ఆపేశాను. అవతల కూడా చప్పుడు ఆగిపోయింది. ఎండ మా ఇద్దరి పెరళ్ళ మీదా కాస్తూనే ఉంది, కొండ మీద పిల్లలెవరో కేకలేసుకుంటున్నారు, అంత వెలుగులో నేను గోడ దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. కాసేపటికి ఆ గొంతు, లోపలికి పో తల్లీ, బిసిలు ఎక్కుతాండాది అంది. లోపలికి పోయి మా అత్తకు చెప్పాను. ఆమె చేతిలోని చేట పక్కన పెట్టి, నీ చెవులు గింగురుమంటున్నాయి, రక్తం తక్కువైతే అట్లే ఉంటుంది అని, అంతకుముందెప్పుడూ లేనంత మెత్తగా చెప్పింది. ఆ మెత్తదనం చూసి నాకు మరింత భయమేసింది.

మర్నాటి నుంచి గాజుల చప్పుడు లేదు. గొంతు వచ్చేది, దగ్గు వచ్చేది, గిన్నె వచ్చేది. నేను మాట్లాడేదాన్ని, ఎందుకంటే మాట్లాడకపోతే అవతల ఉన్నది ఏమిటో ఆలోచించవలసి వస్తుంది. గిన్నెలో కరివేపాకు వేసి కంతలో పెట్టి చేయి తొందరగా వెనక్కి లాక్కునేదాన్ని. ఆ వేపపూత కాలమంతా, మామిడిపిందెలు రాలే కాలమంతా, నాకు తెలిసిన మనిషితో తెలియని మనిషిలా మాట్లాడుతూ గడిపాను. కడుపులో బిడ్డ కదిలితే, దానికి కూడా ఆ గొంతు వినబడుతోందా అనిపించేది.

ఉగాది ఇంకా రాలేదు, నాకు నెలలు కూడా నిండలేదు. ఒకరోజు తెల్లవారి లేచేసరికి నడుము పట్టేసినట్టుంది, అట్లా చాలాసార్లు ఉండేది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పెరట్లోకి వెళ్ళాను. గాలి లేదు, ఆకు కదలడం లేదు. ముందురోజు గిన్నెలో మునగాకు వేసి కంతలో పెట్టాను. అట్లా నిలబడి ఉండగా అవతల నుంచి, గోడకు ఆనుకుని ఉన్నంత దగ్గరగా, ఆ మాట వినిపించింది.

"ఏమ్మా, నీళ్ళు తాగినావా?"

ఎన్నాళ్ళకో విన్న మాట. భయం సంగతి మరిచిపోయాను, కళ్ళనీళ్ళు వచ్చాయి, ఇంకా తాగలేదవ్వా అన్నాను.

"తాగి బయల్దేరు. గాలి తిరిగిండాది సూడు, రాళ్ళ వాన పడతాది. నడుము నొప్పి ఊరికే రాలేదు. వాన ముందరే ఆస్పత్రికి పో, మీ అత్తతో నేను చెప్పినానని చెప్పు."

అంతే. దగ్గు లేదు, గాజులు లేవు, మునగచెట్టు వెనక నుంచి కాదు. నేను కంత దగ్గరికి వంగాను, వంగడం కష్టమైనా. మునగమొదలు తప్ప ఏమీ కనిపించలేదు. గిన్నెలో మునగాకు లేదు. దాని స్థానంలో బూడిదరంగు గుడ్డమూట ఒకటి, చింతకాయంత, ముడి గట్టిగా వేసి ఉంది. చేత్తో నొక్కితే గింజలు తగిలాయి. కొంగున ముడివేసుకుని లోపలికి వచ్చాను.

మా అత్త వీధిగుమ్మంలో ముగ్గు వేస్తోంది. అవ్వ ఆస్పత్రికి పొమ్మంటోంది, తను చెప్పిందని నీతో చెప్పమంది అన్నాను. ముగ్గుపిండి ఆమె చేతిలోంచి కుప్పగా జారిపోయింది. నన్ను చూసింది, పెరటివైపు చూసింది. ఏమిటని అడగలేదు, ఎందుకని అడగలేదు, నా చెవుల మాటెత్తలేదు. పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తి జీపు మాట్లాడుకొచ్చింది. జీవితంలో ఏ పనికైనా పది ప్రశ్నలు వేసే మనిషి. జీపులో హిందూపురం దాకా నా చేయి వదల్లేదు, నా కోసం భయపడుతోందనుకున్నాను.

మేం ఊరు చేరీ చేరకముందే ఆకాశం నల్లబడింది. ఉసిరికాయలంత రాళ్ళు పడ్డాయి. మా వెనక చింతచెట్లు కూలి దారి మూసుకుపోయిందని, అంగడి మూసి సైకిలు మీద బయలుదేరిన మా వారు మధ్యలో చిక్కుకుని సాయంత్రానికి తడిసిముద్దై వచ్చి చెప్పారు. ఆయన వచ్చేసరికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, బక్కగా, గొంతు మాత్రం గట్టిగా. బిడ్డ అడ్డం తిరిగిందనీ వేళకు తెచ్చి మంచిపని చేశారనీ డాక్టరమ్మ అంటే, మా అత్త నా మంచం పక్కన నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

బిడ్డను తొట్లెలో వేసిన తర్వాతే నాకు సంగతి చెప్పారు. పక్కింటి కోడలు వచ్చి, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా చెప్పింది. అవ్వ మడకశిరలోనే కూతురింట్లో నిద్రలోనే పోయింది, అక్కడే అంతా జరిపించారు. ఆ కబురు నాకు తెలియకూడదని మా అత్త చేతులు పట్టుకుని బతిమాలితే, ఆ కోడలు అత్త పోయిన దుఃఖం దిగమింగుకుని, రోజూ పొద్దున్నే అత్త గొంతుతో నాతో మాట్లాడింది. బస్సారు చేసి పెట్టింది. ఆ రోజు గాజులు చప్పుడైనందుకు ఇంట్లోకి పోయి ఏడ్చిందట. పుణ్యస్త్రీ గాజులు తీయకూడదు కదా, అందుకని మర్నాటి నుంచి రెండు చేతులకూ తడిగుడ్డ గట్టిగా చుట్టుకుని పెరట్లోకి వచ్చేదట. వీధిలో ఒక్కరూ నోరు జారలేదు. పూలమ్మే ఆమె కూడా అవ్వ బాగుందా అని మా గుమ్మంలో అడిగి పోయేది, అదీ నాటకమేనట. నేను ఆ కోడలి చేతులు నా కళ్ళకు అద్దుకున్నాను. నన్ను అంతగా భయపెట్టిన గొంతు వెనక ఇంత ప్రేమ ఉందని నాకు ఎట్లా తెలుస్తుంది?

చివరి రోజు మాత్రం అవ్వ లాగే అడిగావు, నీళ్ళు తాగినావా అని అన్నాను. ఆమె తల ఎత్తింది.

"చివరి దినం యాడ మాట్లాడినా వదినా? ఆ ముందు దినం సాయంత్రమే అందరమూ మడకశిరకు పోతిమి. అవ్వకు నెల మాసికం. ఇంటికి తాళం వేసి ఉండె, మీ అత్తకు చెప్పే పోయినాం."

మా అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ముగ్గుపిండి ఎందుకు జారిపోయిందో అప్పుడు అర్థమైంది. నేను లేచి, చీర మడతలో దాచిన మూట తెచ్చి చూపించాను. కోడలు దాన్ని ముట్టుకోలేదు. అది అవ్వ కట్టి కట్టి చినిగిన చీర కొంగు, ఆ ముడి అవ్వ ముడే అంది. వాన పడకముందు విత్తుదామని ఇల్లంతా, అటకంతా, బూడిదకుప్ప కూడా వెదికి, దొరక్క వదిలేశారట. మడకశిర వెళ్ళేముందు అవ్వే ఆ కంత లోపల ఏ రాయి సందులోనో దాచి ఉంటుంది, గాలికో ఉడతకో జారి గిన్నెలో పడి ఉంటుందని మా వారు చెప్పారు. మునగాకు ఏ మేకో తిని ఉంటుందన్నారు. మాట సంగతేమిటంటే, నొప్పులప్పుడు ఏవేవో వినబడతాయన్నారు. అంగడి లెక్కలు చూసే మనిషికి అన్నిటికీ ఏదో ఒక లెక్క కుదరాలి. లెక్క ఆయనది, నా చెవులు నావి.

మా అత్త ఆ కంతను మర్నాడే మట్టీ సున్నం పెట్టి పూడ్పించింది. పది రోజులు కూడా ఆగలేదు, గిన్నె ఎట్లా ఇచ్చేదని పక్కింటి కోడలే వచ్చి గొడవపెట్టుకుని మళ్ళీ తెరిపించింది. మేం హిందూపురానికి వచ్చేసేదాకా అది అట్లాగే ఉంది. ఆ విత్తనాలు మొలిచాయి. ఏటా కొన్ని కాయలు ముదరనిచ్చి, గింజలు బూడిదలో కలిపి, గుడ్డలో కట్టి పెట్టుకుంటూ వస్తున్నాను. ఆ రోజు పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు ఈ ఊళ్ళోనే నాలుగు వీధుల అవతల కాపురముంటోంది, పొట్లకాయంటే మొహం తిప్పుకుంటుంది, ఏం చేస్తాం.

ఇప్పటి గోడలు నడుమెత్తువి. అవతలి మనిషి మొహం, చేయి, గాజులు అన్నీ కనిపిస్తాయి, ఏదీ దాగదు. పోయిన నెల ఈ పక్కింటి పిల్ల అమ్మమ్మ పరిగిలో పోయింది. పిల్లకు చెప్పవద్దని వాళ్ళ అమ్మ అందరికీ ఫోన్లు చేసి చెప్పిందట పాపం. ఈ పిల్ల గోడ దగ్గర నిలబడి నాతో గోరింటాకు మొక్క సంగతి మాట్లాడుతూ, చేతిలోని ఫోను ఊరికే అట్లా పైకి జరిపింది. ఎవరో బంధువు పెట్టిన ఫోటో, అమ్మమ్మకు దండ వేసి ఉంది. నేను గోడ ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల మొహం మారడం, పొట్ట మీద చేయి వేసుకోవడం. పట్టుకోవడానికి చేయి చాచానుగానీ, ఆపడానికి నా చేతిలో ఏముంది? ఒకప్పుడు నా కోసం ఒక వీధి వీధంతా నోరు కట్టుకుంది, ఒక ఇల్లాలు తన గాజులకు తడిగుడ్డ చుట్టుకుంది. ఈ పిల్లకు అట్లాంటి వీధి లేదు. అంత ప్రేమగా అబద్ధమాడే తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు. ఆ రోజు నుంచీ ఆ పిల్లను తలుచుకుంటే దిగులుగా ఉండేది.

ఆ దిగులులో ఉండగానే, నేను లేని ఇంటి పెరట్లోంచి ఆ పిల్లను ఎవరో నీళ్ళు తాగినావా అని అడిగారు.

ఆ మధ్యాహ్నం బస్సారు గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. వెనక నుంచి మా వారు సంచులు పట్టుకుని, ధర్మవరం నుంచి వచ్చేసరికి ఇంత ఆలస్యమైందని ఏదో అనబోతూంటే, ఆయన కాలు తొక్కాను. ఆయన నా మొహం చూసి సంచులతో లోపలికి నడిచారు, లెక్క అడగలేదు. గిన్నె లోపలికి తీసుకెళ్ళి, చారు వేరే దాంట్లో పోసి, కడిగి తుడిచి, పొయ్యి పై అరలో ఉన్న మూట విప్పి పొట్ల విత్తనాలు సగం అందులో పోశాను. బయటికి వచ్చేసరికి ఆ పిల్ల ఇంకా గోడ దగ్గరే నిలబడి ఉంది. పొద్దున పిలిచింది మీరే కదా ఆంటీ అని, ఈసారి కాస్త అనుమానంగా, కాస్త భయంగా అడిగింది.

గిన్నె ఆమె చేతిలో పెట్టి, అవునమ్మా, నేనే అన్నాను. రేపు కూడా అడుగుతాను, ఈసారి పలుకు అన్నాను.